స్త్రీపర్వం లేని యుద్ధం

కోడిని ఇంట్లోనే కోసి శుభ్రం చేసుకున్న అలవాటు ఉన్నవాళ్లకి ఈ సినిమా మొదటి రెండు నిమిషాలూ కొత్తగా అనిపించవు. రాతి మీద కత్తి నూరుతున్న చప్పుడు. ఈకలు పీకుతున్న చేతులు. పక్కనే డప్పులు, పాట, నవ్వులు. ఒక మూల కాలికి తాడు కట్టిన కోడి ఒకటి, తన తోటి కోళ్లకి జరుగుతున్నదంతా మెడ తిప్పి తిప్పి చూస్తూ ఉంటుంది. ఎలాగో తాడు విడిపించుకుంటుంది. ఇక సందుల్లో పరుగే పరుగు. దాని వెనకాల కేకలేస్తూ, నవ్వుతూ, చేతుల్లో తుపాకులతో మీసాలైనా సరిగ్గా రాని కుర్రాళ్ల గుంపు.

ఆ డప్పుకి నా కాలు తాళం వేస్తోందని నాకు తెలియలేదు. మా మనవడు చూసి నవ్వాడు. "చూశావా అమ్మమ్మా, నీకూ నచ్చేసింది" అన్నాడు.

వాడు హైదరాబాదులో ఇంజనీరింగు మూడో సంవత్సరం. సంక్రాంతి సెలవులకి వచ్చి, తన ల్యాప్‌టాప్‌ని మా టీవీకి తగిలించి ఈ సినిమా పెట్టాడు. వాళ్ల హాస్టల్లో ఇది చూడనివాడు లేడట. "రక్తం ఎక్కువ, నువ్వు చూడలేవేమో" అని ముందే హెచ్చరించాడు. "కురుక్షేత్రం చదివినదాన్ని, నాకేమిట్రా" అన్నాను. నవ్వులాటకి అన్నమాటే. కాని ఆ మాటే తర్వాత నాలుగు రోజులు నన్ను వదల్లేదు. ఎందుకో చెబుతాను.

సినిమా పేరు "సిటీ ఆఫ్ గాడ్". దేవుడి నగరం. బ్రెజిల్ దేశపు సినిమా, పోర్చుగీసు భాషలో 2002లో వచ్చింది. దర్శకుడు ఫెర్నాండో మెయిరెలిస్. పావులో లిన్స్ అనే రచయిత 1997లో రాసిన నవల దీనికి ఆధారం. ఆయన ఆ దేవుడి నగరంలోనే పెరిగినవాడు. అంటే ఇది ఎవరో కొండెక్కి దిగి వచ్చి రాసిన కథ కాదు, లోపలి నుంచి వచ్చినదే.

రియో డి జనీరో అనగానే మన కళ్లకి క్యాలెండరు బొమ్మే కనపడుతుంది. కొండ మీద చేతులు చాచి నిలబడ్డ క్రీస్తు, వంపు తిరిగిన సముద్రం, కోపకబానా ఇసుక, కార్నివాల్ రోజుల్లో ఈకలూ తళుకులూ. అంత అందమైన ఊరు ప్రపంచంలో మరొకటి లేదంటారు, నిజమే కావచ్చు. ఆ అందమైన కొండల మీదే గుడిసెలూ ఉన్నాయి. అమెరికా ఖండాల్లో బానిసత్వాన్ని అందరికంటే ఆఖరున, 1888లో, రద్దు చేసిన దేశం బ్రెజిల్. విడుదలైనవాళ్లకి నిలబడే చోటెక్కడుందో ఎవరూ చూపించలేదు. 1897లో ఒక యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలు ఇళ్లు దొరక్క రియోలో ఒక కొండెక్కి గుడిసెలు వేసుకున్నారు. యుద్ధభూమిలో చూసిన ఒక ముళ్లమొక్క పేరే ఆ కొండకి పెట్టారు, ఫవేలా అని. తర్వాత అలాంటి పేటలన్నిటికీ ఆ పేరే స్థిరపడిపోయింది.

1960లలో ప్రభుత్వానికి ఆ గుడిసెలు కంట్లో నలుసయ్యాయి. వాటిని పీకించి, ఆ జనాన్ని ఊరికి పడమటి పక్క దూరంగా కట్టిన కాలనీలకి తోలారు. అలా కట్టిన వాటిలో ఒకటి ఈ దేవుడి నగరం. వరదల్లో ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు కూడా అక్కడికే చేరారు. వరసగా అగ్గిపెట్టెల్లాంటి ఇళ్లు, ఎర్రమట్టి, చెట్టన్నది లేదు. సముద్రం లేదు, క్రీస్తు విగ్రహం లేదు. పేరు మాత్రం దేవుడిది.

కథ చెబుతోంది బుస్కపే అనే కుర్రాడు. ఇంగ్లీషు అనువాదంలో వాడి పేరు రాకెట్ అని వేశారు. జాలరి కొడుకు, భయస్థుడు, ఫొటోలంటే పిచ్చి. వాడి చిన్నతనంలో వాడి అన్నా, అన్న స్నేహితులిద్దరూ కలిసి చిల్లర దొంగతనాలు చేస్తుంటారు. ఒకరోజు ముగ్గురూ గ్యాస్ బండల లారీని ఆపుతారు. డబ్బు వాళ్లు తీసుకుని, బండలు పేట జనానికి వదిలేస్తారు. ఇళ్లలోంచి ఆడవాళ్లూ పిల్లలూ పరిగెత్తుకొచ్చి తలా ఒక బండా దొర్లించుకుపోతారు. నాకు ఆ దృశ్యం భలే నచ్చింది. బండ బుక్ చేసి రోజుల తరబడి ఎదురుచూసిన అనుభవం ఉన్నవాళ్లం కదా మనం! తప్పో ఒప్పో అలా ఉంచండి, ఆ చేతుల తొందర నాకు అర్థమయింది.

ఆ ముగ్గురి వెంట తిరిగే చిన్నవాడు ఒకడున్నాడు, పేరు దాదీన్యో. పాచిక అని అర్థమట. పదేళ్లుంటాయేమో. ఒక హోటల్ మీద దొంగతనానికి వెళ్లినప్పుడు వాణ్ణి బయట కాపలా పెడతారు. కాపలా కాయడం వాడికి విసుగు. పెద్దవాళ్లు పారిపోయాక వాడొక్కడే లోపలికి వెళ్లి, కనపడ్డ వాళ్లనందరినీ కాలుస్తాడు. ఆ సంగతి మనకి వెంటనే చెప్పరు, చాలాసేపటికి చూపిస్తారు. చూపించినప్పుడు తుపాకీ కంటే ఆ పిల్లవాడి నవ్వే భయపెడుతుంది. పండగనాడు టపాకాయ పేల్చిన పిల్లాడు నవ్వే నవ్వు అది.

వాడే పెరిగి జే పెకేనో అవుతాడు. పేరు మార్చుకున్నాక గంజాయి, కొకైన్ అమ్మేవాళ్లని ఒక్కొక్కరినీ చంపి పేటకి యజమాని అవుతాడు. వాడి ప్రాణస్నేహితుడు బెనే. ఇతను మాత్రం నలుగురినీ నవ్వించే మనిషి. ప్రేమించిన అమ్మాయితో ఎక్కడికైనా పోయి పొలం చేసుకుని బతుకుదామనుకుంటాడు. వెళ్లిపోయే ముందు అందరినీ పిలిచి విందు చేస్తాడు. ఆ విందులోనే జే కోసం పేల్చిన గుండు తగిలి చచ్చిపోతాడు. అప్పటిదాకా పేటని అదుపులో ఉంచింది ఈ ఒక్క మనిషి మంచితనమేనని వాడు పోయాక తెలుస్తుంది. ఆ తర్వాత యుద్ధమే. పదేళ్ల పిల్లలు కూడా పక్షాలు చూసుకుని తుపాకులు పట్టుకుంటారు. బుస్కపే చేతికి కెమెరా వస్తుంది. తుపాకులకి భయపడ్డవాడు ఆ కెమెరాతో ఆ పేట దాటి బయటపడతాడు.

కథ మొత్తం చెప్పేశానని కోప్పడకండి. ఈ సినిమాలో ఎవరు చచ్చిపోతారో ముందే తెలిసినా నష్టం లేదు. చెప్పిన తీరులో ఉంది అంతా.

ఆ తీరు గురించి ఒక మాట చెప్పాలి. అన్యాయంగా మాట్లాడకూడదు, ఇది గొప్పగా తీసిన సినిమా. 1960ల భాగమంతా ఎండ రంగులో, నిలకడగా ఉన్న కెమెరాతో సాగుతుంది. 1970లు వచ్చేసరికి రంగులు చిక్కబడతాయి, కెమెరా కుర్రకారుతో పాటు ఆడుతుంది. యుద్ధం వచ్చాక నీలంగా, మసకగా, వణుకుతూ ఉంటుంది. ఎక్కువమంది నటులు ఫవేలాల నుంచి వచ్చిన పిల్లలే, నెలల తరబడి శిక్షణ ఇచ్చి తయారు చేశారు. నటిస్తున్నారని ఎక్కడా అనిపించదు. నవ్వు కూడా ఉంది. బుస్కపే ఒకసారి విసుగెత్తి దొంగతనం చేద్దామని స్నేహితుడితో బయలుదేరతాడు. బస్సు కండక్టరు ఎంత మర్యాదగా మాట్లాడతాడంటే దోచుకోవడానికి మనసొప్పదు. రొట్టెల దుకాణంలో అమ్మాయి ఇంకా మంచిది. కారాపి ఎక్కించుకున్న పెద్దమనిషి మరీ మంచివాడు. చేతిలో తుపాకీ ఉన్నా మొహమాటం చేత దొంగ కాలేకపోయిన ఆ కుర్రాణ్ణి చూస్తే మన ఇళ్లలో పిల్లాడే గుర్తొచ్చాడు.

మరి నాకేమిటి పేచీ?

జే పెకేనో ఇద్దరు చిన్నపిల్లల్ని గోడకి అదిమిపెట్టి, "గుండు చేతికి కావాలా, కాలికి కావాలా?" అని అడిగే ఘట్టం ఒకటుంది. అంతకంటే చెప్పను. చిన్నవాడు ఏడుస్తాడు, అచ్చం పిల్లలు ఏడ్చినట్టే ఏడుస్తాడు. నేను లేచి వంటింట్లోకి పోయాను. వెలిగించని పొయ్యి మీద చెయ్యి పెట్టి కట్టేశానా లేదా అని రెండుసార్లు చూసుకున్నాను. తిరిగొచ్చి, "ఒరే, ఆ పిల్లాడి తల్లి ఎవర్రా?" అని అడిగాను.

మనవడికి అర్థం కాలేదు. "తల్లెందుకు అమ్మమ్మా?" అన్నాడు. "సినిమాలో తల్లి లేదు."

నిజమే, లేదు. మర్నాడు వాడు నిద్ర లేవకముందే నేనొక్కదాన్నీ కూర్చుని మళ్లీ చూశాను, ఈసారి తల్లుల కోసం వెతుక్కుంటూ. జే పెకేనోని కన్నదెవరో తెలియదు. బెనే తల్లి లేదు. బుస్కపే చేపల వాళ్ల ఇంటి పిల్లవాడని తెలుసు, అన్న పోయాడని తెలుసు. కాని ఆ ఇంట్లో ఆ రాత్రి ఏమయిందో కెమెరా ఆగి చూడలేదు. అంతమంది పిల్లలు చచ్చిపోతే, ఒక శవం దగ్గరైనా కూర్చుని ఏడ్చే మనిషి కోసం ఈ సినిమా ఒక్క నిమిషం ఆగలేదు. ఆగితే పరుగు తెగిపోతుంది కాబోలు.

ఉన్న ఆడవాళ్లయినా ఎలా ఉన్నారో చూడండి. యుద్ధం ఎక్కడ మొదలవుతుంది? విందులో జే ఒక అమ్మాయిని నాట్యానికి పిలుస్తాడు. ఆమె రానంటుంది. ఆమెకి కావలసినవాడు మానే గలీన్యా, సౌమ్యుడు, ఉద్యోగం చేసుకు బతికేవాడు. ఇందాక చెప్పిన మర్యాదస్తుడైన బస్సు కండక్టరు ఇతనే. గలీన్యా అంటే కోడి అని అర్థమట. మొదటి దృశ్యంలో పరిగెత్తిన కోడి ఊరికే పెట్టింది కాదని అప్పుడు తోచింది. బెనే పోయాక జే ఆ అమ్మాయిని చెరుస్తాడు, మానే తమ్ముణ్ణి చంపుతాడు. మానే తుపాకీ పట్టుకుంటాడు. అమాయకుల్ని చంపకూడదని నియమం పెట్టుకుని మొదలుపెట్టినవాడు, ఆ నియమానికి ఒక మినహాయింపు, తర్వాత ఇంకొకటి ఇచ్చుకుంటూ పోతాడు. ఈ పతనాన్ని దర్శకుడు ఎంతో ఓర్పుగా చూపించాడు. మరి ఆ అమ్మాయి? ఆమె పేరేమిటో నాకు వినిపించనే లేదు. అంత జరిగాక ఆమె ఏమయిందో, ఎవరింట్లో తలదాచుకుందో సినిమాకి పట్టలేదు. ఆమెకి జరిగింది అతని కోపానికి కారణంగా మాత్రమే మిగిలింది.

కురుక్షేత్రం కూడా ఒక స్త్రీ అవమానంతోనే వచ్చింది. కాని ద్రౌపది సభలో నోరు విప్పింది. పెద్దలందరూ తల దించుకునేలా ప్రశ్న వేసింది. పదమూడేళ్లపాటు ఆ ప్రశ్నని ఎవర్నీ మరిచిపోనివ్వలేదు. యుద్ధం అయిపోయాక వ్యాసుడు దుకాణం కట్టెయ్యలేదు. ఆడవాళ్ల కోసం ఏకంగా ఒక పర్వమే పెట్టాడు. పద్దెనిమిది పర్వాల్లో పదకొండోది. తిక్కనగారు దాన్ని తెలుగులోకి తెచ్చారు. మా నాన్నగారు చదివి వినిపిస్తుంటే చిన్నప్పుడు అది వచ్చేసరికి నేను బయటికి పారిపోయేదాన్ని, భీముడూ గదా లేవని. ఇప్పుడు ఆ పర్వమే గుర్తొస్తోంది. గాంధారి కొడుకుల శవాలన్నిటినీ చూస్తుంది. పరాయివాళ్ల పిల్లల్ని కూడా చూస్తుంది. కోడళ్లు ఏ మొండెం ఎవరిదో పోల్చుకోలేక తిరుగుతుంటే చూస్తుంది. చివరికి సాక్షాత్తు శ్రీకృష్ణుణ్ణే నిలదీసి శపిస్తుంది. యుద్ధపర్వాలు ఎంత రసవత్తరంగా చెప్పినా, ఆ పర్వం దాటకుండా ఎవరూ పట్టాభిషేకానికి పోలేరు.

ఈ సినిమాలో స్త్రీపర్వం లేదు. నా పేచీ అది.

దానికి ఒక జవాబు ఉందని నాకు తెలుసు. కథ చెబుతున్నది కుర్రాడు, కుర్రాళ్ల లోకంలో అమ్మ ఉండదు, వీధే ఉంటుంది, వాడు చూసినదే చూపించాడు అంటారు. కొంతవరకు ఒప్పుకుంటాను. కాని అదే సినిమాలో మూడు నాలుగు నిమిషాల ముక్క ఒకటి ఉంది, అది నా పక్షాన సాక్ష్యం చెబుతుంది.

ఒక ఇల్లుంది. దాని కథ చెప్పేటప్పుడు కెమెరా ఒక మూల కదలకుండా నిలబడిపోతుంది, మన ఇంటి మూలన నిలబడ్డ ముసలమ్మలా. మొదట అది జేలియా అనే విధవరాలి ఇల్లు. భర్త పోయాక కూతుళ్లని పెంచడానికి ఆమె గంజాయి అమ్మడం మొదలుపెట్టింది. గది పొందికగా ఉంటుంది, సామాను ఎక్కడిదక్కడ సర్ది ఉంటుంది. ఆమె దగ్గర సరుకు చేరవేసే కుర్రాడు ఒకడు పెద్దవాడై ఆమెని తోసేసి ఇల్లు తనదంటాడు. వాడి తర్వాత ఇంకొకడు, వాడి తర్వాత ఇంకొకడు. కెమెరా కదలదు. సామాను ఒక్కొక్కటే మాయమవుతుంది. గోడలు నల్లబడతాయి. చివరికి మనుషులూ, మూటలూ, చీకటీ మిగులుతాయి. మాటల్లో చెబితే రెండు పేజీలయ్యే పతనాన్ని ఒక్క గదిలో చూపించారు. సినిమా మొత్తంలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచింది ఇదే. ఒక ఇల్లాలు పోయాక ఇల్లు ఏమవుతుందో ఈ దర్శకుడికి తెలుసు. తెలిసీ మళ్లీ వీధిలోకి పరిగెత్తాడు.

ఇంకో సంగతి. ఈ సినిమాకి సహ దర్శకత్వం వహించినది ఒక స్త్రీ, కాటియా లుండ్. అంతకు ముందు 1999లో రియో ముఠాల మీదా పోలీసుల మీదా వచ్చిన ఒక మంచి డాక్యుమెంటరీకి కూడా ఆమె సహ దర్శకురాలే. ఫవేలాల్లో ఆమెకున్న పరిచయాలూ, పిల్లలతో ఆమె చేసిన పనీ ఈ సినిమాకి ఎంతో బలం. 2004లో ఆస్కార్ బహుమతులకి ఈ సినిమాని నాలుగు విభాగాల్లో పరిశీలనకి తీసుకున్నారు. దర్శకత్వం విభాగంలో మెయిరెలిస్ పేరొక్కటే వేశారు, ఆమె పేరు లేదు. అప్పట్లో కొందరు గొడవ చేశారు కూడా. తెర మీదే కాదు, తెర వెనకా అదే వరస అన్నమాట.

బ్రెజిల్ వాళ్లకి నాకు తోచిన అనుమానాలు తోచలేదా అంటే, ఇంకా గట్టిగానే తోచాయి. గ్లావుబెర్ రోషా అనే పాతతరం దర్శకుడు 1965లో "ఆకలి సౌందర్యశాస్త్రం" అని ఒక వ్యాసం రాశాడు. పేదరికాన్ని చూపిస్తే చూసేవాడికి కడుపులో దేవాలి, ముద్దుగా చూపించకూడదని ఆయన వాదం. ఈ సినిమా వచ్చినప్పుడు ఇవానా బెంటిస్ అనే విమర్శకురాలు ఆ మాటనే తిప్పి, ఇది ఆకలికి అలంకరణ అంది. మన భాషలో చెప్పాలంటే ఆకలికి స్నో, పౌడరు అద్దారంది. దేవుడి నగరంలోనే పుట్టి పెరిగిన పాటగాడు ఎం.వి. బిల్ కూడా కోప్పడ్డాడు. సినిమా వల్ల ఆ పేట పిల్లల మీద మచ్చ పడింది కాని, పేటకి ఒరిగిందేమీ లేదన్నాడు. బ్రెజిల్‌లో 30 లక్షలకు పైగా జనం చూశారు. అన్నిచోట్లా ఆ పేరు వింటే తుపాకులే గుర్తొస్తాయి. 2016లో రియోలోనే ఒలింపిక్స్ జరిగినప్పుడు బ్రెజిల్‌కి మొదటి స్వర్ణపతకం తెచ్చిన జూడో క్రీడాకారిణి రఫేలా సిల్వా ఆ పేట పిల్లే. ఆ సంగతి మా మనవడి హాస్టల్లో ఎంతమందికి తెలుసో!

నాకు మాత్రం ఆ స్నో, పౌడరు మాట పూర్తిగా మింగుడు పడలేదు. అందంగా తీయడం తప్పనను. తిక్కనగారి యుద్ధవర్ణన అందంగా లేదా? చిక్కంతా అందం అయిపోయాక ఏం చేశారన్న దగ్గర ఉంది.

ఆ దేశంలో స్త్రీపర్వం లేకపోలేదు. సినిమాలోకి రాలేదంతే. 1990 జూలైలో రియోలోని అకారి అనే ఫవేలాకి చెందిన 11 మంది, ఎక్కువగా పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు, ఊరి బయట ఒక తోటకి వెళ్లి ఉండగా, పోలీసులమని చెప్పుకున్న మనుషులు వచ్చి పట్టుకుపోయారు. ఆ పిల్లలు మళ్లీ కనపడలేదు. శవాలు కూడా దొరకలేదు. వాళ్ల తల్లులు కలిసి వెతకడం మొదలుపెట్టారు. చదువు లేనివాళ్లు, ఇళ్లలో పనులు చేసుకునేవాళ్లు. ఠాణాలకీ జైళ్లకీ తిరిగారు, నేల తవ్వించారు. అకారి అమ్మలు అని దేశమంతా పేరు పడింది. వాళ్లలో ఎడ్మేయా అనే ఆమె గట్టిగా కూపీ లాగుతుండగా 1993 జనవరిలో ఆమెని రియోలోనే కాల్చి చంపారు. మిగతావాళ్లు ఆగలేదు. 34 ఏళ్ల తర్వాత, 2024లో, అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం ఇందులో బ్రెజిల్ ప్రభుత్వానిదే బాధ్యత అని తీర్పు చెప్పింది. అది వినడానికి అమ్మలందరూ మిగలలేదు. గాంధారి అడిగిన ప్రశ్నకీ వీళ్లడిగిన ప్రశ్నకీ తేడా ఏముంది? ఆపగలిగినవాడివి ఎందుకు ఆపలేదు, అనే కదా.

ఇంకా వెనక్కి పోతే కరోలినా మరియా డి జెసూస్ ఉంది. సావో పావులో నగరంలో ఒక ఫవేలాలో ముగ్గురు పిల్లలతో ఉంటూ, వీధుల్లో చిత్తుకాగితాలు ఏరి అమ్ముకు బతికింది. చెత్తలో దొరికిన పుస్తకాల్లోనే దినచర్య రాసుకుంది. 1960లో అది అచ్చయితే మొదటి ముద్రణ 10,000 ప్రతులూ కొద్దిరోజుల్లో చెల్లిపోయాయి. ఇంగ్లీషులో వచ్చింది, సంపాదించి చదవండి. కూతురి పుట్టినరోజుకి జోళ్లు కొనలేక, చెత్తలో దొరికిన జోళ్లని కడిగి, కుట్టి తొడగడంతో మొదలవుతుంది. అందులోనూ తాగుళ్లు, కత్తిపోట్లు, పోలీసులు అన్నీ ఉన్నాయి. కాని ఆమె అవన్నీ పొయ్యి దగ్గర నుంచి చూసింది. ఇవాళ పిల్లలకి ఏం పెట్టాలన్న లెక్క మధ్యలో చూసింది. అదే రక్తం అక్కడి నుంచి చూస్తే వేరేగా కనిపిస్తుంది.

మనవాళ్ల సంగతి ఎత్తకుండా ఉండలేను, రెండే మాటలు. 1999లో "సమరసింహారెడ్డి" వచ్చాక మన తెర మీద ఫ్యాక్షన్ వరద పారింది. అక్కడ తల్లి లేని లోటు లేదు. ప్రతి సినిమాలోనూ తల్లి ఉంటుంది, కన్నీళ్లు పెడుతుంది, ఆ కన్నీళ్లు చూసి కొడుకు కత్తి తీస్తాడు. ఏడుపు కత్తికి సాన పట్టడానికి పనికొస్తుంది. ఆ లెక్కన చూస్తే తల్లిని అసలు చూపించని ఈ బ్రెజిల్ వాళ్లే నయం. అబద్ధమైతే చెప్పలేదు.

సినిమా ఆఖర్న బుస్కపే రెండు ఫొటోలు తీస్తాడు. ఒకటి జే పెకేనో శవానిది. రెండోది, వాడి దగ్గర పోలీసులు డబ్బు తీసుకుంటూ ఉండగా తీసింది. రెండోది పత్రికకిస్తే పేరొస్తుంది, ప్రాణం పోతుంది. మొదటిదిస్తే ఉద్యోగం వస్తుంది. కుర్రాడు మొదటిదే ఇస్తాడు. వాణ్ణి తప్పు పట్టలేను, మన ఇంటి పిల్లాడైతే మనమూ అదే ఇవ్వమంటాం. ఆ తర్వాత వీధిలో పొట్టి పిల్లలు నడిచిపోతూ ఉంటారు. జేని చంపినది వీళ్లే. పేట ఇక వీళ్లది. ఎవరెవర్ని చంపాలో పేర్లు చెప్పుకుంటూ పోతారు. అందులో ఒకడికి రాయడం వచ్చో రాదో కూడా తేలదు. చెప్పులు టపటపలాడుతుంటాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర మనవడి ఫోను బల్ల మీద వెలిగింది. తుపాకీ పట్టుకు నవ్వుతున్న జే పెకేనో బొమ్మ. వాడు ఎప్పుడో పెట్టుకున్నాడట. నేనేమీ అనలేదు. అన్నం వడ్డిస్తూ, ఆ ఒక్క గది కథ వచ్చే ముక్క మళ్లీ ఒకసారి పెడతావా, అన్నాను. పెట్టాడు. ఇద్దరం చేతులు కడుక్కోకుండానే చూశాం. కెమెరా మూలన నిలబడింది. విధవరాలు పోయింది, కుర్చీలు పోయాయి, గోడలు నల్లబడ్డాయి.

"ఆవిడ కూతుళ్లు ఏమయ్యారు అమ్మమ్మా?" అన్నాడు.

"నువ్వు ఎన్నిసార్లు చూశావు?"

"ఆరుసార్లు" అన్నాడు, ఎండిపోయిన చెయ్యి చూసుకుంటూ.